టెస్టోస్టెరాన్ తక్కువని అనుమానమా? సూదికి ముందు, సూది తర్వాత చేయాల్సిన పనులు

టెస్టోస్టెరాన్ అంటే మగ హార్మోను. దాని సూది మొదలుపెడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టెరాన్ తగ్గిపోతుంది. దాంతోపాటు వీర్యకణాలూ తగ్గిపోతాయి. ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు. నేను విజయనగరంలో మందుల షాపు నడుపుతున్నాను. సాయంత్రం వేళ, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని “ఒంట్లో సత్తువ నేదు బాబూ, ఆ సూది ఉందా” అని అడిగే మగవాళ్ళు వస్తూనే ఉంటారు. చీటీ ఉండదు, రిపోర్టు ఉండదు. ఊళ్ళో ఆర్ఎంపీ చెప్పాడనో, జిమ్‌లో ఎవరో అన్నారనో వస్తారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు కాబట్టి ఇవ్వను. కానీ లేదని పంపేస్తే ఆ మనిషి ఇంకో షాపు వెతుక్కుంటాడు. అందుకని ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండే మీకు పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను.

ముందుగా లక్షణాలను విడదీసి చూసుకోండి

నీరసం, చిరాకు, పని మీద ధ్యాస నిలవకపోవడం టెస్టోస్టెరాన్ తగ్గినా వస్తాయి. రక్తం తక్కువైనా, షుగర్ ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా, అప్పుల బెంగతో నిద్ర పట్టకపోయినా అవే వస్తాయి. వీటిని బట్టి ఏమీ తేల్చలేం. టెస్టోస్టెరాన్ మీద గట్టిగా అనుమానం రావాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. కోరిక బాగా తగ్గిపోవడం, తెల్లవారుజామున అంగం దానంతటది గట్టిపడడం ఆగిపోవడం, గడ్డం పెరుగుదల మందగించడం, చంకల్లో వెంట్రుకలు పలచబడడం, రొమ్ములు పొంగడం, వృషణాలు చిన్నబడడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం. వీటిలో మీకేమున్నాయో, ఎప్పటి నుంచి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముందు కూర్చున్నాక సిగ్గుతో సగం మరిచిపోతాం.

కోరిక బాగానే ఉండి స్తంభన మాత్రమే సరిగా లేకపోతే ముందు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నవి. రక్తనాళాలు పాడవుతుంటే గుండెకంటే ముందు అక్కడే బయటపడొచ్చు. అలాంటి మనిషికి టెస్టోస్టెరాన్ సూది వేసి పంపేస్తే అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ళ మగవాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. లైంగిక లక్షణాలూ, రక్తంలో తక్కువ రీడింగూ రెండూ కలిసి ఉన్నవాళ్ళు అందులో వందకు ఇద్దరే తేలారు. వయసు పెరిగేకొద్దీ టెస్టోస్టెరాన్ మెల్లగా తగ్గడం మామూలే. మందు కావలసినంతగా తగ్గేవాళ్ళు కొద్దిమందే.

మీ అలవాట్లు, మీరు వాడే మందులు చూసుకోండి

రక్తం ఇవ్వకముందే కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పొట్ట పెరిగిందా? రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని మీ ఆవిడ చెబుతోందా? రోజూ మందు తాగుతున్నారా? నొప్పులకని ట్రమడాల్, టపెంటడాల్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతున్నారా? కీళ్ళ నొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారా? ఇవన్నీ టెస్టోస్టెరాన్‌ని తగ్గించేవే. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, ప్రమాదం. వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. షికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో ప్రచురించారు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో, జూట్ మిల్లుల్లాంటి చోట్ల నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు ఇది గమనించాలి. లావుగా ఉన్నవాళ్ళు ఒంటి బరువులో పదోవంతు తగ్గినా టెస్టోస్టెరాన్ పెరగడానికి అవకాశం ఉంది. పొద్దున్న చోడి అంబలి తాగి, రాత్రి అన్నం తగ్గించి, రోజూ గంట నడవడం చౌకైన పని. ఫలితానికి కొన్ని నెలలు ఆగాలి.

పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి అప్పుడు వృషణాలు వాచాయా, చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగలేదా, అక్కడ దెబ్బ తగిలిందా, కాన్సర్ మందులు వాడారా అన్నది కూడా ఆ కాగితం మీదే రాయండి.

ఉద్దానం వాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గడం తరచుగా కనిపిస్తుంది. రక్తహీనతా ఉంటుంది, నీరసం ఆ రెంటి వల్లా వస్తుంది. కాబట్టి మీరు టెస్టోస్టెరాన్ పరీక్షకి ముందే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, హిమోగ్లోబిన్ చేయించుకోండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. క్రియాటినిన్ ఎక్కువుంటే ముందు అక్కడికి వెళ్ళండి. హార్మోను సంగతి కిడ్నీ డాక్టరుకి తెలిసే జరగాలి.

రక్తం ఇవ్వడం: పొద్దున్నే, పరగడుపున, రెండుసార్లు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. టెస్టోస్టెరాన్ తెల్లవారాక ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి, బజారు పని చూసుకుని, పోతూ పోతూ ల్యాబులో రక్తం ఇస్తే మంచి ఆరోగ్యంగా ఉన్న మనిషికీ తక్కువే రావచ్చు. ఆ కాగితం పట్టుకుని జీవితాంతం సూదులు వేయించుకోవడం కంటే అన్యాయం ఉండదు.

ఉదయం 7 నుంచి 10 గంటల లోపు, ఏమీ తినకుండా ఇవ్వాలి. మెళియాపుట్టి నుంచో కొత్తూరు నుంచో బస్సెక్కి శ్రీకాకుళం చేరేసరికి పది దాటిపోతుంటే, ముందురోజే వచ్చి చుట్టాలింట్లో పడుకోండి. లేదా దగ్గర్లో ఉన్న టెక్కలి, నరసన్నపేట, పలాస, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లాంటి చోట ల్యాబు పొద్దున్నే రక్తం తీస్తుందేమో ఫోన్ చేసి కనుక్కోండి.

జ్వరంతో ఉన్నప్పుడు, ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పెద్ద జబ్బు నుంచి తేరుకుంటున్నప్పుడు ఈ పరీక్ష వద్దు. తొలేళ్ళ రాత్రంతా మేలుకుని సిరిమానోత్సవం చూసి మర్నాడు ఇచ్చిన రక్తమూ నమ్మదగినది కాదు. నైట్ డ్యూటీ దిగి అటునుంచటే ల్యాబుకి వెళ్ళకండి. సెలవు పెట్టుకుని కొన్ని రాత్రులు కడుపునిండా నిద్రపోయాక ఇవ్వండి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబులో చెప్పండి. కొన్ని యంత్రాల్లో అది రీడింగుని తారుమారు చేస్తుంది.

మొదటిసారి తక్కువ వస్తే కొన్ని రోజులాగి, మళ్ళీ అదే పద్ధతిలో, వీలైతే అదే ల్యాబులో రెండోసారి ఇవ్వాలి. మొదట తక్కువ వచ్చి రెండోసారి మామూలుగా తేలేవాళ్ళు చాలామంది ఉంటారు.

రిపోర్టు చదవడం

ముందు అంకె పక్కన ఉన్న కొలమానం చూడండి. డెసిలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తే 320 అని ఉంటుంది. అదే మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తే 3.2 అని ఉంటుంది. 3.2 చూసి గాభరా పడే మనుషుల్ని చూశాను. రెండూ ఒకటే. నానోమోల్ అని ఉంటే సుమారు 29తో గుణిస్తే డెసిలీటరు లెక్క వస్తుంది.

అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం 300 కంటే తక్కువని, ఎండోక్రైన్ సొసైటీ సుమారు 264 కంటే తక్కువని గీత గీశాయి. ఆ గీతకి కాస్త అటూ ఇటూ ఉంటే, ముఖ్యంగా లావుగా ఉన్నవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కూడా కొలిచి ఫ్రీ టెస్టోస్టెరాన్ లెక్కకట్టించాలి. వాళ్ళలో ఆ ప్రొటీన్ తగ్గడం వల్ల మొత్తం అంకె తక్కువగా కనిపించినా, పనికొచ్చే భాగం సరిపడా ఉండొచ్చు.

రెండుసార్లూ తక్కువే వస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు చేయించకుండా ఎవరు సూది రాసినా వేయించుకోకండి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఎల్‌హెచ్‌ని పంపి వృషణాల చేత టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది. టెస్టోస్టెరాన్ తక్కువై ఎల్‌హెచ్ ఎక్కువుంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు. క్లైన్‌ఫెల్టర్ అని, పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే పరిస్థితి ఉంది. 500 నుంచి 1000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది, చాలామందికి పెళ్ళయి పిల్లలు కలగనప్పుడు గానీ తెలియదు. టెస్టోస్టెరాన్‌తోపాటు ఎల్‌హెచ్ కూడా తక్కువగానో, మామూలుగానో ఉంటే లోపం పైనుంచి వస్తున్నట్టు. అధిక బరువు, మందులు, నిద్రలేమి ఒక కారణం కావచ్చు. పీయూష గ్రంథిలో గడ్డ కూడా కావచ్చు. టెస్టోస్టెరాన్ 150 కంటే తక్కువున్నా, ప్రొలాక్టిన్ పెరిగే ఉన్నా, తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గినా ఎంఆర్ఐ కావాలి. ప్రొలాక్టిన్ పెంచే గడ్డలు చాలావరకు మాత్రలతోనే తగ్గుతాయి, అప్పుడు టెస్టోస్టెరాన్ దానంతటదే కోలుకోవచ్చు. ఎల్‌హెచ్ చూడకుండా సూది వేస్తే ఆ గడ్డ ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

హార్మోన్ల డాక్టరు, అంటే ఎండోక్రైనాలజిస్టు, లేదా యూరాలజిస్టు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ ఓపీతో మొదలుపెట్టొచ్చు. పై సలహా కావాలంటే విశాఖ కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. రెండు రిపోర్టులు, లక్షణాల కాగితం, వాడుతున్న మందుల పట్టీలు తీసుకెళ్ళండి. “నీరసంగా ఉంది సార్” అని ఆపేస్తే బి కాంప్లెక్స్ రాసి పంపుతారు. “ఆరు నెలలుగా కోరిక లేదు, తెల్లవారుజామున అంగం గట్టిపడడం లేదు, ఇవిగో రెండు పొద్దుటి రిపోర్టులు” అని ఆ మాటల్లోనే చెప్పండి. వాళ్ళకి ఇవి రోజూ వినే మాటలే.

బస్టాండు గోడల మీద ‘మగతనం, నరాల బలహీనత’ అని ప్రకటనలు వేసి లాడ్జీ గదుల్లో కూర్చునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పేరులేని పొడుల్లో, లేహ్యాల్లో ఏం కలుపుతారో చెప్పలేం. స్టెరాయిడ్లు, స్తంభన మందులు కలిపినవి చాలాచోట్ల పట్టుబడ్డాయి. గుండె మందుల్లో నైట్రేట్లు వాడేవాడికి ఆ స్తంభన మందు తెలియకుండా కడుపులోకి వెళితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

పిల్లలు కావాలా? ఈ ప్రశ్న సూదికి ముందే

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పెళ్ళయి మూడు నాలుగేళ్ళయినా పిల్లలు లేరు. అత్తవారింట్లో కోడల్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. చివరికి మగవాణ్ణి ఎవరికో చూపిస్తే, “బలానికి” అని టెస్టోస్టెరాన్ సూదులు రాస్తారు. అతనికి హుషారు వస్తుంది, మందు పనిచేస్తోందని నమ్ముతాడు. లోపల మాత్రం జరగాల్సినదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయినట్టు, బయటి నుంచి టెస్టోస్టెరాన్ రాగానే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం మానేస్తుంది. వృషణాల లోపల వీర్యకణాల తయారీకి అవే ఆధారం. కొన్ని నెలల్లో వీర్యకణాలు సున్నాకి పడిపోవచ్చు.

పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందు వీర్య పరీక్ష చేయించుకోండి. దగ్గర్లోనే పిల్లల్ని కనే ఆలోచన ఉందని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. లోపం పైనుంచి ఉన్నవాళ్ళకి హెచ్‌సీజీ సూదులు, క్లోమిఫిన్ మాత్రలు, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ సూదులు వాడి, వృషణాల చేతే పని చేయించే దారి ఉంది. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్ళలో కూడా కొందరికి వృషణం నుంచి సర్జరీ చేసి వీర్యకణాలు తీయగలుగుతున్నారు. ఆ ప్రయత్నం టెస్టోస్టెరాన్ మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. ఇప్పటికే సూదులు వేయించుకుని ఉంటే కంగారు పడకండి. ఆపాక చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో వీర్యకణాలు తిరిగి వస్తాయి, కొందరికి రెండేళ్ళు పడుతుంది, కొద్దిమందికి పూర్తిగా రావు. అందుకే వెంటనే డాక్టర్ని కలవాలి.

కండలకని జిమ్‌లో స్టెరాయిడ్ సూదులు వేసుకునే కుర్రాళ్ళకీ జరిగేది ఇదే. ఆర్మీ, పోలీసు సెలక్షన్లకి తయారవుతున్న పిల్లలు దయచేసి వీటి జోలికి పోవద్దు. కొండవెలగాడ వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరున్న ఊరు, కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. ఇలాంటి చోట పోటీల్లో దిగేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. టెస్టోస్టెరాన్ నిషేధిత మందు. నిజంగా జబ్బు ఉండి డాక్టరు రాసినా, వాడే ముందే డోపింగ్ నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి.

ఎవరు మొదలుపెట్టకూడదు

ప్రోస్టేట్ కాన్సర్, రొమ్ము కాన్సర్ ఉన్నవాళ్ళు. గత ఆరు నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు. గుండె వైఫల్యం అదుపులో లేనివాళ్ళు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి వైద్యం చేయించుకోనివాళ్ళు. పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ గ్రంథి రక్తపరీక్షలో 4 దాటినవాళ్ళు, మూత్రం ధార బాగా సన్నగిల్లినవాళ్ళు ముందు యూరాలజిస్టుని కలవాలి. రిపోర్టులో పీసీవీ అని రాసేది హీమటోక్రిటే, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం. అది మొదలులోనే 48, 50 దాటి ఉంటే కారణం తేలేదాకా ఆగాలి.

గుండె భయం చాలామంది అడుగుతారు. 45 నుంచి 80 ఏళ్ళ వయసున్న, గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే అవకాశమున్న ఐదువేల మందికి పైగా మగవాళ్ళ మీద జరిగిన ట్రావర్స్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. టెస్టోస్టెరాన్ జెల్ వాడినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు ఉత్తుత్తి జెల్ వాడినవాళ్ళకంటే ఎక్కువ రాలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం మాత్రం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఈ చివరిది ఉద్దానం వాళ్ళు డాక్టరుతో తప్పకుండా మాట్లాడాలి.

సూదా, జెల్లా

మన దగ్గర ఎక్కువగా నడిచేది ఎనాంథేట్ 250 మిల్లీగ్రాముల సూది, డాక్టరు చెప్పినట్టు రెండు నుంచి నాలుగు వారాలకోసారి తుంటికి. చౌక. మొదటి వారం హుషారుగా ఉండి, తర్వాతి సూది దగ్గరపడేసరికి దిగజారినట్టుంటుంది. ఆ హెచ్చుతగ్గులు ఎక్కువైతే మోతాదు తగ్గించి త్వరత్వరగా వేయమని అడగొచ్చు. అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాముల సూది ఖరీదైనది. మొదటిది వేశాక ఆరు వారాలకి రెండోది, తర్వాత 10 నుంచి 14 వారాలకోసారి. దూరపు ఊళ్ళవాళ్ళకి ప్రయాణాలు తగ్గుతాయి. మందు నాలుగు మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా వేయాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి, ఎప్పుడైనా నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే హఠాత్తుగా దగ్గు, ఆయాసం వస్తాయి. కొన్ని కంపెనీల సూదుల్లో వేరుశనగ నూనె ఉంటుంది, వేరుశనగ పడనివాళ్ళు ముందే చెప్పండి. ఇంట్లో ఎవరి చేతా వేయించుకోవద్దు.

జెల్ రోజూ పొద్దున్న స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకున్నాక భుజాలకి రాసుకోవాలి. ఆరాక చొక్కా వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మన సముద్రపు ఉక్కకి చెమట పడుతుంది కాబట్టి రాసిన వెంటనే ఎండలో పనికి దిగకండి, కొన్ని గంటలు మళ్ళీ స్నానం వద్దు. రాసిన చోట ఇంట్లో ఆడవాళ్ళకి, పిల్లలకి తగలనివ్వకూడదు. చంటిపిల్లల్ని భుజాన వేసుకునే తండ్రులకి ఇది పెద్ద విషయం, ఆ మందు అంటుకుని పసివాళ్ళలో యుక్తవయసు లక్షణాలు ముందే మొదలైన సందర్భాలున్నాయి. మాత్రల రూపం కూడా ఉంది, 40 మిల్లీగ్రాములది. అది నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది.

మొదలుపెట్టాక

మూడు నుంచి ఆరు నెలల మధ్య టెస్టోస్టెరాన్, పీసీవీ, నలభై దాటినవాళ్ళకి పీఎస్‌ఏ మళ్ళీ చేయించాలి, తర్వాత ఏడాదికోసారి. టెస్టోస్టెరాన్ పరీక్షకి రక్తం ఎప్పుడు ఇవ్వాలన్నది మందుని బట్టి మారుతుంది. ఎనాంథేట్ అయితే రెండు సూదుల మధ్య సరిగ్గా నడిమధ్యన, అన్‌డెకనోయేట్ అయితే తర్వాతి సూదికి ముందు, జెల్ అయితే కనీసం వారం వాడాక, రాసిన రెండు నుంచి ఎనిమిది గంటల్లో. పీసీవీ 54 దాటితే తర్వాతి సూది ఆపి డాక్టర్ని కలవండి. రక్తం చిక్కబడితే గడ్డలు కట్టే ప్రమాదముంది. ఏడాదిలో పీఎస్‌ఏ 1.4కి మించి పెరిగితే యూరాలజిస్టు చూడాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

కోరికలో మార్పు సాధారణంగా కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. కండ, కొవ్వు మారడానికి మూడు నాలుగు నెలలు, ఎముకల బలానికి ఏడాదికి పైనే పడుతుంది. రీడింగు మామూలుకొచ్చి ఆరు నెలలైనా మీ లక్షణాల్లో ఏ మార్పూ లేకపోతే, మోతాదు పెంచమని అడగకండి. కారణం వేరే ఉందేమో చూడమని, మందు ఆపొచ్చేమో చెప్పమని అడగండి.

పని కోసం హైదరాబాదో, చెన్నైయో, గల్ఫో వెళ్తుంటే మొదటి రెండు రిపోర్టులు, ఎల్‌హెచ్ రిపోర్టు, డాక్టరు చీటీ కాపీలు తీసుకెళ్ళండి. మందు వాడుతున్న మనిషికి ఎల్‌హెచ్ చేస్తే తక్కువే వస్తుంది. మొదటి కాగితాలు పోతే అసలు జబ్బేమిటో కొత్త డాక్టరుకి తెలియదు. ఆపాలనుకున్నప్పుడు కూడా డాక్టరుకి చెప్పే ఆపండి. ఏళ్ళ తరబడి వాడాక ఆపితే సొంత తయారీ లేచేదాకా కొన్ని నెలలు నీరసం, దిగులు గట్టిగానే ఉంటాయి. ఆ నెలల్లో మీ ఇంట్లోవాళ్ళకి విషయం తెలిసి ఉండాలి. మూడు నెలలు దాటాక మళ్ళీ పొద్దున్నే, పరగడుపున టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ చేయించుకుని డాక్టరుకి చూపించండి.